‘ది’ పెట్టాలా, ‘ఎ’ పెట్టాలా, ఏదీ వద్దా?

అందరికీ నమస్కారం. వెనక వరసల దాకా వినిపిస్తోందా? సరే. ఇవాళ ఆర్టికల్స్ గురించి మాట్లాడమన్నారు. ఇంగ్లీషు గ్రామర్ మొత్తం కాదు, శీర్షికల వరకే. అంటే మీ థీసిస్ పేరు, జర్నల్‌కి పంపే పేపర్ పేరు, మీరు ఇంగ్లీషులోకి అనువాదం చేసిన కథ పేరు, వాటిలో ఎ, యాన్, ది వీటిలో ఏది రావాలి, ఎక్కడ ఏదీ రాకూడదు అన్నది. చిన్న విషయమే అనిపిస్తుంది. కానీ లోపల మూడొందల పేజీల్లో ఒక ‘ది’ జారిపోతే చదివేవాళ్ళు దాటుకుని వెళ్ళిపోతారు, అట్ట మీద ఉండేవి ఐదారు మాటలే, అందులో ఒకటి తప్పయితే ముందు కంటికి తగిలేది అదే. పైగా ఆ తప్పు అక్కడితో ఆగదు, లైబ్రరీ కేటలాగులోకి వెళ్తుంది, మీ సర్టిఫికెట్‌లోకి వెళ్తుంది, జీవితాంతం మీ బయోడేటాలో ఉంటుంది.

నాకు జరిగింది చెప్తాను. నేను పదో తరగతి దాకా తెలుగు మీడియం. ఎం.ఫిల్.లో తెలుగు కథల్లో స్త్రీ పాత్రల మీద పని చేశాను. టైటిల్ పేజీ మీద ఇలా టైప్ చేయించాను: ‘ది విమెన్ ఇన్ ది తెలుగు షార్ట్ స్టోరీ’. ఐదు కాపీలు, ఎర్ర రెక్సిన్ బైండింగ్, బంగారు రంగు అక్షరాలు. వైవా రోజున బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ గారు పుస్తకం తెరవకుండానే అట్ట మీద మొదటి మాట మీద వేలు పెట్టి, “ఏ విమెన్ అమ్మా? వీళ్ళెవరో నాకు ముందే తెలుసా?” అని అడిగారు. నాకు ప్రశ్నే అర్థం కాలేదు. టెన్షన్‌లో ఏదో చెప్పాను. డిగ్రీ ఇచ్చారు, టైటిల్ సరిచేసి ఇవ్వమన్నారు. నేనేం చేశాను? ‘ది’ అంటేనే భయం పట్టుకుని రెండు ‘ది’లూ తీసేశాను. ‘విమెన్ ఇన్ తెలుగు షార్ట్ స్టోరీ’ అని మళ్ళీ బైండింగ్ చేయించి ఇచ్చాను. ఎవరూ ఏమీ అనలేదు. మూడేళ్ళ తర్వాత క్లాసులో పాఠం చెబుతుండగా తట్టింది, నేను తీసేసిన రెండింటిలో ఒకటి తప్పు, ఒకటి ఒప్పు. మొదటి ‘ది’ పోవాల్సిందే. రెండోది ఉండాల్సింది. ‘విమెన్ ఇన్ ది తెలుగు షార్ట్ స్టోరీ’, అదీ సరైన పేరు. ఆ పుస్తకం ఇప్పటికీ ఒక లైబ్రరీలో ఆ తప్పు పేరుతోనే ఉంది.

ఇది ఎందుకు చెప్పానంటే, నా దగ్గరికి వచ్చే టైటిల్స్ అన్నీ ఈ రెండు రకాల్లో ఒకటిగా ఉంటాయి. కొందరు ప్రతి నామవాచకం ముందూ ‘ది’ చల్లుతారు, అలా ఉంటే ఇంగ్లీషులా ఉంటుందని. కొందరు ఒకసారి దెబ్బ తిన్నాక అన్నీ ఊడ్చేస్తారు. రెండూ వద్దు. శీర్షికలో ఆర్టికల్ అంటే మీరు చదివేవాళ్ళకు ఇచ్చే మాట. ‘ది’ అన్నారంటే “ఇది ఏదో మీకు తెలుసు, లేదా ఉన్నది ఇదే, మొత్తం ఇదే” అని మాట ఇచ్చినట్టు. ‘ఎ’ అన్నారంటే “ఇలాంటివి చాలా ఉన్నాయి, అందులో ఇదొకటి” అన్నట్టు. ఏదీ పెట్టకపోతే “ఫలానాది అని కాదు, ఆ విషయం గురించి” అన్నట్టు. మీరు ఇచ్చిన మాటను లోపలి పేజీలు నిలబెట్టుకుంటున్నాయా లేదా, చూసుకోవాల్సింది అది.

తెలుగులో ఆర్టికల్స్ లేవు కాబట్టి మనకు ఈ తేడా పట్టుబడదు అంటారు. నేను ఒప్పుకోను. “నిన్న పుస్తకం కొన్నాను” అంటే ఏదో ఒక పుస్తకం. “నిన్న ఆ పుస్తకాన్ని కొన్నాను” అంటే మనిద్దరికీ తెలిసిన పుస్తకం. “ఒకాయన వచ్చాడు” అని కథ మొదలుపెట్టి, రెండో వాక్యంలో “ఆయన” అంటాం, ఎవరూ నేర్పక్కర్లేదు. తేడా మన బుర్రలో ఉంది. చిక్కు ఎక్కడొస్తుందంటే, తెలుగు శీర్షికలో ఆ తేడా చూపించే చోటు ఉండదు. శీర్షికకు ‘ని’ తగలదు, క్రియ ఉండదు, ‘బావి’ అని ఊరికే నిలబడుతుంది. ఏ బావో, ఒక బావో, ఆ బావో చెప్పదు, చెప్పక్కర్లేదు కూడా. ఇంగ్లీషు ఆ వెసులుబాటు ఇవ్వదు, తేల్చమంటుంది.

ఒకే రచయిత మూడు రకాలుగా తేల్చిన పుస్తకాలు చూపిస్తాను. భద్రిరాజు కృష్ణమూర్తి గారు మీకందరికీ తెలుసు, ఒంగోలులో పుట్టిన భాషాశాస్త్రవేత్త. 1961లో వచ్చిన ఆయన పుస్తకం ‘తెలుగు వెర్బల్ బేసెస్’. ముందు ఏమీ లేదు. బేసెస్ బహువచనం, తెలుగు ధాతువులు అనే విషయం, అంతే. 1985లో గ్విన్‌తో కలిసి రాసింది ‘ఎ గ్రామర్ ఆఫ్ మోడరన్ తెలుగు’. ఇక్కడ ‘ఎ’. తెలుగుకు వ్యాకరణాలు అంతకుముందు ఉన్నాయి, తర్వాతా వస్తాయి, మేం రాసింది ఒకటి. 2003లో కేంబ్రిడ్జ్ వాళ్ళు వేసింది ‘ది ద్రవిడియన్ లాంగ్వేజెస్’. ఇక్కడ ‘ది’. ఎందుకంటే ఆ కుటుంబంలో ఉన్న భాషలన్నీ కలిపి ఒకే పుస్తకంలో చూపించారు, తెలుగు తమిళాలే కాదు, గోండీ, కుయి, బ్రాహుయీ దాకా. ‘ది’ అన్నాక ఒక్క భాష వదిలేసినా చదివేవాడు అడుగుతాడు. మాట ఇచ్చారు, నిలబెట్టుకున్నారు. ‘ది గ్రామర్ ఆఫ్ మోడరన్ తెలుగు’ అని వాళ్ళు పెట్టి ఉంటే ఎలా ఉండేదో ఆలోచించండి. ఇక వేరే వ్యాకరణం అక్కర్లేదు అన్నట్టు వినిపించేది.

దీని పక్కన ఇంకో పుస్తకం పెట్టండి. సి.పి. బ్రౌన్ 1840లో వేసిన వ్యాకరణం పేరు ‘ఎ గ్రామర్ ఆఫ్ ది తెలుగు లాంగ్వేజ్’. అంతకంటే ముందు 1816లో మద్రాసులో వచ్చిన క్యాంప్‌బెల్ వ్యాకరణం కూడా ‘ఎ గ్రామర్ ఆఫ్ ది తెలుగు లాంగ్వేజ్’ అనే మొదలవుతుంది, తెలుగు అన్న మాట స్పెల్లింగ్ ఆ కాలంలో వేరు, అంతే. ఇప్పుడు గమనించండి, బ్రౌన్ దగ్గర తెలుగు ముందు ‘ది’ ఉంది, కృష్ణమూర్తి గారి దగ్గర లేదు. ఎవరు తప్పు? ఎవరూ కాదు. భాష పేరు ఒంటరిగా వస్తే ఆర్టికల్ అక్కర్లేదు, తెలుగు, ఇంగ్లీష్, ఉర్దూ. వెనక ‘లాంగ్వేజ్’ అన్న మాట చేరిందా, ‘ది’ కావాలి. అలాగే ‘ది ఇంగ్లీష్’ అని ఊరికే అంటే భాష కాదు, ఇంగ్లండు జనం అని అర్థం. ఒకసారి ‘టీచింగ్ ది ఇంగ్లీష్ ఇన్ రూరల్ స్కూల్స్’ అని ఒక పేపర్ వచ్చింది నా దగ్గరికి. పల్లెటూరి బళ్ళలో ఇంగ్లండు వాళ్ళకు చదువు చెప్పడం అనుకోవాలి దాన్ని చదివితే.

ఇప్పుడు నా ‘షార్ట్ స్టోరీ’ దగ్గరికి వద్దాం. లెక్కపెట్టగలిగే వస్తువు, ఏకవచనం, దాని ముందు ఏదో ఒకటి ఉండాలి. ఇది నూటికి తొంభై సార్లు మనల్ని కాపాడే సూత్రం. షార్ట్ స్టోరీ లెక్కపెట్టొచ్చు, ఏకవచనం, కాబట్టి బోసిగా వదలకూడదు. మరి ‘ది’ ఎందుకు, ఏ కథ? ఏ ఒక్క కథా కాదు, కథ అనే ప్రక్రియ. ప్రక్రియలకు, జంతుజాతులకు, కనిపెట్టిన వస్తువులకు ఇంగ్లీషులో ఇలా ‘ది’ పెట్టి ఏకవచనం వాడి జాతి మొత్తాన్ని చెప్తారు. ది నావెల్, ది టైగర్, ది బైసికిల్. ఇది కష్టంగా ఉంటే బహువచనం చేసేయండి, ‘విమెన్ ఇన్ తెలుగు షార్ట్ స్టోరీస్’, ‘ది’ అక్కర్లేదు, తప్పూ లేదు. మరి విమెన్ ముందు ‘ది’ ఎందుకు తప్పు? అది బహువచనం, నేను ఫలానా స్త్రీలని ఎవరినీ చూపించలేదు, తెలుగు కథల్లోకి వచ్చే స్త్రీలు అని మాత్రమే. ‘ది విమెన్ ఆఫ్ చుండూర్’ అని ఉంటే అది వేరే సంగతి, ఊరు చెప్పి ఆ ఊరి స్త్రీలంతా అని హద్దు గీశాం.

లెక్కపెట్టలేని మాటలు ఇంకో గుంట. ‘ఎ రీసెర్చ్ ఆన్…’ అని మొదలయ్యే టైటిల్ నెలకొకటి చూస్తాను. రీసెర్చ్‌కు ‘ఎ’ తగలదు. ఎవిడెన్స్, ఇన్ఫర్మేషన్, ఎక్విప్‌మెంట్, సాఫ్ట్‌వేర్, ఫీడ్‌బ్యాక్, వీటికీ తగలదు. తెలుగులో “ఒక పరిశోధన చేశాను” అంటాం కాబట్టి చేయి అటు పోతుంది. ఒకటి అని చెప్పాల్సి వస్తే ‘ఎ స్టడీ’ అనండి. అది కూడా ‘ఎ స్టడీ ఆన్’ కంటే ‘ఎ స్టడీ ఆఫ్’ బావుంటుంది, అసలు చాలాసార్లు ఆ రెండు మూడు మాటలూ అనవసరం, థీసిస్ అంటేనే స్టడీ కదా. డార్విన్ 1859లో జాతుల పుట్టుక మీద వేసిన పుస్తకం పేరు ‘ఆన్ ది ఆరిజిన్…’ అని మొదలవుతుంది, 1872లో ఆరో ముద్రణకు వచ్చేసరికి ఆ ‘ఆన్’ పోయి ‘ది ఆరిజిన్’ మిగిలింది. పుస్తకానికి ఏమీ తక్కువ కాలేదు.

ఇంకో జబ్బు ‘ది సొసైటీ’. ‘రోల్ ఆఫ్ యూత్ ఇన్ ది సొసైటీ’. మనం బతికే సమాజం అన్న అర్థంలో సొసైటీ ముందు ‘ది’ ఉండదు. ‘ది’ పెడితే మీ కాలనీ హౌసింగ్ సొసైటీయో, పాల సొసైటీయో అనిపిస్తుంది. నేచర్, ఎడ్యుకేషన్, డెమొక్రసీ, వీటికీ అంతే. కానీ ఎన్విరాన్‌మెంట్‌కు మాత్రం ‘ది’ కావాలి, ‘విమెన్ అండ్ నేచర్’ సరే గానీ ‘లా అండ్ ఎన్విరాన్‌మెంట్’ అంటే ఏదో వెలితి, ‘లా అండ్ ది ఎన్విరాన్‌మెంట్’ అనాలి. ఎందుకు అని అడిగితే సూత్రం చెప్పి ఒప్పించలేను. కొన్ని మాటలను జంటగానే నోటికి ఎక్కించుకోవాలి.

మన ఊళ్ళు, నదులు. దీని మీద కాస్త ఆగుతాను, ఎందుకంటే మీలో సగం మంది టైటిల్స్‌లో ఏదో ఒక ప్రాంతం ఉంటుంది. ఊరి పేరుకు, జిల్లా పేరుకు, రాష్ట్రం పేరుకు ఏమీ వద్దు. హైదరాబాద్, తెలంగాణ, ఆంధ్రప్రదేశ్, గుంటూర్ డిస్ట్రిక్ట్. నదికి ‘ది’ కావాలి, ది గోదావరి, ది కృష్ణా, ది మంజీరా. నది పేరుతో డెల్టా వస్తే దానికీ కావాలి, ‘ప్యాడీ కల్టివేషన్ ఇన్ ది గోదావరి డెల్టా’. చెరువుకు, సరస్సుకు వద్దు, కొల్లేరు లేక్, పులికాట్ లేక్. కొండల వరసకు కావాలి, ది నల్లమల హిల్స్, ది ఈస్టర్న్ ఘాట్స్. సముద్రానికి కావాలి, ది బే ఆఫ్ బెంగాల్. రాయలసీమకు వద్దు, ‘ది రాయలసీమ రీజియన్’ అంటే మాత్రం కావాలి, ఇందాక చెప్పిన తెలుగు, తెలుగు లాంగ్వేజ్ లాంటిదే ఇది. దక్కన్‌కు కావాలి, ది దక్కన్. ఇలా ఒక కాగితం మీద రాసుకుని గోడకు అతికించుకోండి, నేను అలాగే చేశాను.

విశ్వవిద్యాలయాల పేర్లు కూడా ఇందులోకే వస్తాయి. మనిషి పేరో, వంశం పేరో, ప్రాంతం పేరో ముందుంటే ‘ది’ వద్దు. ఉస్మానియా యూనివర్సిటీ, కాకతీయ యూనివర్సిటీ, ఆంధ్రా యూనివర్సిటీ. ‘యూనివర్సిటీ ఆఫ్’ అని మొదలైతే వాక్యంలో ‘ది’ కావాలి, ‘ఎట్ ది యూనివర్సిటీ ఆఫ్ హైదరాబాద్’. టైటిల్ పేజీ మీద ఒంటరిగా వేసేటప్పుడు అక్కర్లేదు. హైదరాబాద్‌లోనే ఇంకో యూనివర్సిటీ ఉంది, 1958లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లీష్‌గా మొదలై 2007లో కేంద్రీయ విశ్వవిద్యాలయం అయింది, దాని అధికారిక పేరే ‘ది ఇంగ్లీష్ అండ్ ఫారిన్ లాంగ్వేజెస్ యూనివర్సిటీ’. అక్కడ ‘ది’ పేరులో భాగం, తీసేయడానికి మీకూ నాకూ హక్కు లేదు. అమెరికాలో ఒహాయో స్టేట్ వాళ్ళు ఇంకా పట్టుదలగా ఉంటారు. వాళ్ళ పేరు ముందు ‘ది’ని ఒత్తి పలుకుతారు, 2022లో టీషర్టులు, టోపీల మీద వాడుకోవడానికి ఆ ఒక్క మాటకు ట్రేడ్‌మార్క్ కూడా తెచ్చుకున్నారు. మీ పిల్లలో తమ్ముళ్ళో అక్కడ చదివి ఉంటే బయోడేటాలో ఆ ‘ది’ ఉంచమనండి.

ఎ, యాన్ సంగతి త్వరగా చెప్పేస్తాను, కానీ ఇందులో తెలుగువాళ్ళకు ఒక సుళువు ఉంది. అచ్చు శబ్దం ముందు యాన్, హల్లు శబ్దం ముందు ఎ, ఇది అందరికీ తెలుసు. తప్పు ఎక్కడంటే ఇంగ్లీషు అక్షరం చూసి నిర్ణయిస్తాం. ఇంగ్లీషు లిపి మోసం చేస్తుంది, తెలుగు లిపి చెయ్యదు. ఆ మాటను తెలుగులో రాసి మొదటి అక్షరం చూడండి. యూనివర్సిటీ, ‘య’ హల్లు, కాబట్టి ఎ యూనివర్సిటీ. అవర్, ‘అ’ అచ్చు, యాన్ అవర్. వన్-డే సెమినార్, ‘వ’, కాబట్టి ఎ వన్-డే సెమినార్. ఎమ్మెల్యేకు యాన్. ఎస్ఐకి యాన్, సీఐకి ఎ, ఇద్దరూ ఒకే స్టేషన్లో ఉన్నా సరే. యూజీసీ రిపోర్ట్‌కు ఎ, ఆర్టీసీ బస్సుకు యాన్. రెండు జాగ్రత్తలు. మన పెద్దలు ఇనిషియల్స్‌ను యం, యన్, యస్ అని రాసేవారు, అది చూసి హల్లు అనుకోకండి, ఎమ్, ఎన్, ఎస్ అని రాసుకుని చూడండి. రెండోది హెచ్. మనం హెచ్ అంటాం, ఇంగ్లీషువాళ్ళలో ఎక్కువమంది ఎయిచ్ అంటారు, అందుకే ‘యాన్ హెచ్ఐవీ పేషెంట్’ అని అచ్చులో చూస్తారు. వింతగా ఉన్నా జర్నల్‌కి పంపేటప్పుడు అలాగే రాయండి. ‘ది’ పలకడం కూడా ఇదే కొలత, హల్లు ముందు ‘ద’ అనాలి, అచ్చు ముందు ‘ది’ అనాలి. ద హిందూ, ది ఇండియన్ ఎక్స్‌ప్రెస్. పోస్టర్ల మీద మనం అన్నిటికీ ‘ది’ రాస్తాం, రాతకు పరవాలేదు, నోటితో చదివేటప్పుడు మార్చుకోండి.

ఆర్టికల్ పడిపోతే అర్థమే తిరగబడే చోట్లు కొన్ని ఉన్నాయి. పత్రికలో హెడ్డింగులు చదివి చదివి మనకు ఆర్టికల్స్ ఎగరగొట్టడం అలవాటైంది. వాళ్ళకు చోటు చాలదు, ఎగరగొడతారు, అది వాళ్ళ పద్ధతి. కానీ ‘ఎ ఫ్యూ ఫార్మర్స్ గాట్ ఇన్సూరెన్స్’ అంటే కొందరు రైతులకు బీమా వచ్చింది. ‘ఫ్యూ ఫార్మర్స్ గాట్ ఇన్సూరెన్స్’ అంటే రైతుల్లో ఎవరికో గానీ రాలేదు. మొదటిది ఊరట, రెండోది ఫిర్యాదు. ఒక్క ‘ఎ’. అలాగే ‘ఎ నంబర్ ఆఫ్ స్కూల్స్’ అంటే చాలా బళ్ళు, ‘ది నంబర్ ఆఫ్ స్కూల్స్’ అంటే బళ్ళ సంఖ్య. ఆహ్వాన పత్రికల్లో ఇంకోటి చూస్తుంటాను, ‘ఎ పోయెట్ అండ్ ట్రాన్స్‌లేటర్’ అంటే ఒక మనిషి, కవీ ఆయనే, అనువాదకుడూ ఆయనే. ‘ఎ పోయెట్ అండ్ ఎ ట్రాన్స్‌లేటర్’ అంటే ఇద్దరు వస్తున్నారు, రెండు కుర్చీలు వెయ్యాలి. కృష్ణమూర్తి గారి 1961 పుస్తకానికి ఉపశీర్షిక ‘ఎ కంపారెటివ్ అండ్ డిస్క్రిప్టివ్ స్టడీ’, అధ్యయనం ఒకటే కాబట్టి ‘ఎ’ ఒకటే.

కథలు అనువాదం చేసేవాళ్ళు ఇక్కడ ఉన్నారని చెప్పారు, మీకోసం ఇందాకటి ‘బావి’ దగ్గరికి వద్దాం. మీ కథ పేరు బావి. ఇంగ్లీషులో ‘వెల్’ అని రాశారనుకోండి. చదివేవాడు బావి అనుకోడు, “సరే, అయితే…” అని ఎవరో మాట మొదలుపెట్టారనుకుంటాడు. ఇక్కడ ఆర్టికల్ లేకపోతే అది నామవాచకమని కూడా తెలియదు. ‘ఎ వెల్’ అంటే ఏదో ఒక బావి, దాని గురించి వ్యాసం రాస్తున్నట్టు. ‘ది వెల్’ అన్నప్పుడు విచిత్రం జరుగుతుంది. చదివేవాడికి ఆ బావి తెలియదు, అయినా తెలిసినట్టే చెప్తున్నాం, వాడు “ఏ బావి?” అనుకుంటూ పేజీ తిప్పుతాడు. నా వైవాలో ఎగ్జామినర్ గారు అడిగిన ప్రశ్నే ఇది. థీసిస్‌లో ఆ ప్రశ్న పుడితే తప్పు, కథలో ఆ ప్రశ్న పుట్టడమే కావాలి. నేను దీన్ని తెలుసుకోవడానికి చాలా కాలం పట్టింది. అలాగని ప్రతి కథకూ ‘ది’ పెట్టేయకండి. కథలో ఆ బావి ఎవరి జీవితంలో కేంద్రమో, ఎవరు అందులోకి తొంగి చూశారో ఉంటే ‘ది’. ఊళ్ళో ఎవరికీ పట్టని మామూలు మనిషి కథ అయితే, పేరు ‘కూలి’ అనుకోండి, ‘ఎ లేబరర్’ అంటే వేలమందిలో ఒకడు అన్న బాధ ఆ ‘ఎ’లోనే ఉంటుంది. ‘ది లేబరర్’ అంటే వాడికి ఒక నిలువెత్తు విగ్రహం లేపినట్టు. రెండూ ఒప్పే, మీ కథకు ఏది సరిపోతుందో మీకే తెలియాలి.

శీర్షికకు కోలన్ పెట్టి ఉపశీర్షిక రాస్తే పని సుళువవుతుంది. పింగళి సూరన ప్రభావతీ ప్రద్యుమ్నాన్ని వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్ కలిసి ఇంగ్లీషు చేశారు, 2006లో వచ్చింది. పేరు ‘ది డీమన్స్ డాటర్: ఎ లవ్ స్టోరీ ఫ్రమ్ సౌత్ ఇండియా’. ప్రభావతి వజ్రనాభుడి కూతురు, ఆమె ఒక్కతే, అందుకని ‘ది’. దక్షిణ దేశంలో ప్రేమకథలు ఎన్నో, ఇది ఒకటి, అందుకని ‘ఎ’. పైన కథానాయికను చూపించి, కింద ఇది ఏ రకం పుస్తకమో చెప్పారు. పెద్దక్షరాల గురించి అడుగుతారు కాబట్టి ఇక్కడే చెప్తాను, శీర్షికలో మొదటి మాటైనా, కోలన్ తర్వాత మొదటి మాటైనా ఆర్టికల్‌కు పెద్దక్షరం, మధ్యలో వస్తే చిన్నక్షరం.

ఇక శీర్షికను వాక్యంలో ఇరికించేటప్పుడు. ‘ది హిందూ’ 1878లో మద్రాసులో మొదలైన పత్రిక, ‘ది’ దాని పేరులోనే ఉంది. డెక్కన్ క్రానికల్‌కు లేదు, హిందుస్తాన్ టైమ్స్‌కు లేదు. ఇప్పుడు హిందూ పత్రికలో పనిచేసే ఒక విలేకరి అని చెప్పాలి. రెండు ఆర్టికల్స్ పక్కపక్కన నిలబడవు, ‘ఎ ది హిందూ రిపోర్టర్’ అనలేం. ‘ది’ తీసి ‘ఎ హిందూ రిపోర్టర్’ అంటే పత్రిక పోయి మతం వచ్చింది. కాబట్టి వాక్యం తిప్పి రాయాలి, ‘ఎ రిపోర్టర్ విత్ ది హిందూ’. అలాగే ఎవరి పుస్తకం అని ముందు పేరు చెప్తే శీర్షికలోని మొదటి ఆర్టికల్ సాధారణంగా పడిపోతుంది, ‘కృష్ణమూర్తీస్ ద్రవిడియన్ లాంగ్వేజెస్’ అని రాయొచ్చు, కావాలంటే ‘ది’ ఉంచొచ్చు గానీ చెవికి గుచ్చుకుంటుంది. రిఫరెన్సుల పట్టికలో మాత్రం అట్ట మీద ఎలా ఉంటే అలాగే, ఒక్క అక్షరం తీయొద్దు.

లైబ్రరీ వాళ్ళు మాత్రం ఆర్టికల్‌ను దాటుకుని వెళ్తారు. మార్క్ అనే కేటలాగు పద్ధతిలో 245 అనే గడి శీర్షికది. అందులో ఒక చిన్న అంకె వేస్తారు, క్రమంలో పెట్టేటప్పుడు మొదట ఎన్ని అక్షరాలు వదిలేయాలో చెప్పడానికి. ఇంగ్లీషులో ‘ది’కి మూడక్షరాలు, తర్వాత ఖాళీ ఒకటి, మొత్తం 4. యాన్ అయితే 3, ఎ అయితే 2. ఏదీ లేకపోతే 0. ఆ అంకె తప్పు వేస్తే పుస్తకం ఇంకెక్కడో వరసలో కూర్చుంటుంది. మీరు పెట్టే ఆ చిన్న మాటను ఎవరో ఒకరు కూర్చుని వేళ్ళ మీద లెక్కపెడతారు.

ఇంతవరకూ ఆపుతాను, ప్రశ్నలుంటే అడగండి.

(ప్రశ్న: మేడమ్, ‘ది ఇంపాక్ట్ ఆఫ్ మొబైల్ ఫోన్స్’ అనాలా, ‘ఇంపాక్ట్ ఆఫ్ మొబైల్ ఫోన్స్’ అనాలా?)

రెండూ నడుస్తాయి. వాక్యంలో అయితే ‘ది’ తప్పనిసరి, శీర్షిక మొదట్లో మాత్రం వదిలేసే ఆచారం ఉంది, ముఖ్యంగా సైన్సు జర్నల్స్‌లో. మీరు పంపే జర్నల్ పాత సంచికలు పది తీసి చూడండి, వాళ్ళు ఎలా వేస్తున్నారో అలా రాయండి. ఒకటే షరతు, ‘ది ఇంపాక్ట్ ఆఫ్’ అని అట్ట మీది పేరుకు పెట్టి, లోపల అధ్యాయాల పేర్లలో సగం వాటికి ఉంచి సగం వాటికి తీసేయకండి. ఎటైనా ఒకటే పద్ధతి.

(ప్రశ్న: నా టైటిల్ చూస్తారా మేడమ్? ‘ఎ స్టడీ ఆన్ ది ప్రాబ్లమ్స్ ఆఫ్ ది టెనెంట్ ఫార్మర్స్ ఇన్ ది గుంటూర్ డిస్ట్రిక్ట్’.)

బాబూ, ముందు బోర్డు మీద రాయండి, అందరం చూద్దాం. మంచి టాపిక్. ‘ఎ స్టడీ ఆన్’ తీసేద్దాం. ‘ది ప్రాబ్లమ్స్’, కౌలు రైతుల సమస్యలన్నీ చూశారా? అప్పు, కౌలు రేటు, గుర్తింపు కార్డులు, అన్నీ?

(అప్పుల గురించి మాత్రమే మేడమ్.)

అయితే ‘ప్రాబ్లమ్స్’ అన్న మాటే వద్దు, ‘డెట్’ అనండి. డెట్ ఇక్కడ లెక్కపెట్టలేని మాట, ముందు ఏమీ అక్కర్లేదు. టెనెంట్ ఫార్మర్స్ బహువచనం, ఫలానా వాళ్ళని కాదు, ‘ది’ పోవాలి. గుంటూర్ డిస్ట్రిక్ట్ పేరు, అక్కడా పోవాలి. ‘డెట్ అమంగ్ టెనెంట్ ఫార్మర్స్ ఇన్ గుంటూర్ డిస్ట్రిక్ట్’. ఎన్ని ఊళ్ళు తిరిగారు?

(ఒక్క ఊరే మేడమ్. ఆరు నెలలు అక్కడే ఉన్నాను.)

ఒక్క ఊరే అయితే ఆ సంగతి పేరులో రావాలి, జిల్లా మొత్తం అని మాట ఇవ్వకూడదు. ‘డెట్ అమంగ్ టెనెంట్ ఫార్మర్స్ ఇన్ ఎ విలేజ్ ఇన్ గుంటూర్ డిస్ట్రిక్ట్’. ఆ ‘ఎ’ ఉంచండి. ఆరు నెలలు మీరు ఉన్న ఊరు అది.